పడవ చెక్క గడప

ఈ గుడి కథ నాకు మొదట చెప్పింది మేలింగ్ గారు. ముందు ఆ ముక్క రాసుకో. చక్రపాణి కాదు, ఆ ప్రొఫెసరు గారు కాదు, రేపు పొద్దున్న నువ్వు ఇక్కడ నిలబెట్టబోయే ఈ బోర్డు అసలే కాదు. లమ్ మేలింగ్ గారు. అదిగో, రోడ్డుకి అవతల పచ్చ తలుపు ఇల్లు, కిటికీకి తెర దించేసి ఉంది చూడు, ఆ ఇంటావిడ.

ఏంటి? ఇంకా రికార్డింగ్ నొక్కలేదా? బాగుంది! నొక్కు మరి. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పమంటే మొదటిసారి అంత బాగా రాదు నాకు.

ఆఁ, సరే. నా పేరు నాగలింగాచారి. పాలకొల్లు దగ్గర మా ఊరు. వడ్రంగి మేస్త్రీని. ఇప్పుడు అమెరికాలో సన్నీవేల్‌లో మా అమ్మాయి ఉమ దగ్గర ఉంటున్నాను. మాట్లాడే ఇంగ్లీషు వచ్చు, మిల్పిటస్‌లో పద్నాలుగేళ్ళు కేబినెట్ షాపులో పనిచేశాను. చదివే ఇంగ్లీషు రాదు. తెలుగైనా కూడబలుక్కునే చదువుతాను, అదీ అక్షరాలు పెద్దవైతే. దాచుకోవాల్సిందేం లేదు. కొలబద్ద మాత్రం నా అంత సరిగ్గా చదివేవాణ్ణి నువ్వింకా చూసి ఉండవు.

అంకుల్ అనకు తల్లీ. అంకుల్ అంటే నాకు మా తెలుగు సీనియర్ల సంఘం పెద్ద చక్రపాణి గుర్తొస్తాడు. సన్నీవేల్ అంతా వాణ్ణి అంకుల్ అనే పిలుస్తుంది. నన్ను తాతా అను, లేదంటే మేస్త్రీగారూ అను. నీ ఇష్టం. మేస్త్రీగారూ అంటే ఇంకాస్త బాగుంటుంది.

చూడు హాసినీ, నువ్వు కౌంటీ ఆఫీసులో పాత కట్టడాలు చూసే ఉద్యోగంలో ఉన్నావు. ఇక్కడే పుట్టినా ముచ్చటగా తెలుగు మాట్లాడుతున్నావు. నీ మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఆ బోర్డు మీద. మొన్న ఉమ దాని కాపీ ఫోన్‌లో చదివి వినిపించింది. "మరమ్మతు చేసినవారు: సన్నీవేల్ తెలుగు సీనియర్లు. పర్యవేక్షణ: చక్రపాణి. సహకారం: ఇతరులు." అని ఉందట.

ఇతరులు!

ఆ ఇతరుల్లో నేను ఎన్నోవాణ్ణి? ఈ గడప బాగు చేసింది ఇతరులా? ఆ తలుపు రెక్కలు మళ్ళీ నిలబెట్టింది ఇతరులా? చక్రపాణి ఏం పర్యవేక్షించాడు? మడత కుర్చీ తెచ్చుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, గొడుగుతో ఇటు అటు చూపించాడు. "ఆచారీ, అక్కడ కొంచెం ఎత్తుగా ఉన్నట్టుంది" అన్నాడు. మట్టం పెట్టి చూపించాను. బుడగ నడిమధ్యలో నిలబడింది. "అయితే నా కుర్చీ వంకరగా ఉందేమో" అన్నాడు. ఇదీ వాడి పర్యవేక్షణ.

అబ్బే, పాత పగ ఏమీ లేదు. ఉంది, కొంచెం ఉంది. నాలుగేళ్ళ కిందట సంఘంలో మొదటి పాట్‌లక్ నాడు, అదే తలా ఒక వంట తెచ్చుకుని తినే రోజున, మైకు పట్టుకుని, "మన ఆచారి గారు హ్యాండీమ్యాన్, ఇంట్లో ఏ పనున్నా పిలవండి" అన్నాడు. తెల్లారేసరికి మూడు ఫోన్లు. మూడూ బాత్‌రూమ్ కమోడ్ మూతల గురించే. మా తాత నరసాపురంలో రథానికి చక్రాలు చేసిన మనిషమ్మా! నేను పులిహోర పక్కన పెట్టేసి వచ్చేశాను. ఆ రోజు నుంచీ చక్రపాణి తెచ్చిన పులిహోర తినను. బాగానే ఉంటుందంటారు. నేను తినను.

సరే, గుడి సంగతికి వస్తాను.

రెండేళ్ళ కిందట మార్చి నెలలో, పియర్ తోటలు పూశాయి చూద్దాం రండని ఈ హార్కర్ బెండ్‌కి మమ్మల్ని వ్యానులో తెచ్చింది చక్రపాణే. అది ఒప్పుకుంటాను. ఒక పక్క నది, దాని పక్కన కరకట్ట, కట్ట కింద ఈ ఊరు. పట్టుమని నలభై ఇళ్ళు లేవు. పూలు చూశాం, ఫోటోలు దిగాం, తెచ్చుకున్న పులిహోర వాళ్ళు తిన్నారు, నేను అరటిపండు తిన్నాను. కాస్త నడుద్దామని ఇటు వచ్చాను.

ఈ చైనా వాళ్ళ గుడి కనపడింది. చిన్నది కదా, మన ఊళ్ళల్లో ధాన్యం కొట్టు పాటి ఉంటుంది. లోపల ఎర్ర మొహం, పొడుగు గడ్డం, పక్కన పెద్ద కత్తితో ఆయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "ఇంతకాలం ఎక్కడ చచ్చావురా" అన్నట్టు ఉంది మొహం. నాకు తెలీకుండానే చెప్పులు విప్పేశాను. మా ఊరి పొలిమేరలో పోతురాజు ఇలాగే చూస్తాడు.

అప్పుడు వచ్చారు మేలింగ్ గారు. ఎనభై ఆరేళ్ళిప్పుడు ఆవిడకి. నా భుజం దాకా కూడా రారు. చేతిలో చీపురు. నా చెప్పులు చూశారు, నా మొహం చూశారు. నేను లోపలికి అడుగు వేస్తూ గడప తొక్కకుండా దాటాను. మనకి అలవాటు కదా, గడప తొక్కితే మా అమ్మ మోకాలి మీద ఒక్కటిచ్చేది. అది చూసి ఆవిడ చీపురు గోడకి ఆనించి, "ఎవరు నేర్పారు నీకు?" అన్నారు. "మా అమ్మ" అన్నాను. "నాకు మా తాత" అన్నారు.

అంతే. కూర్చోబెట్టి కథ చెప్పారు. విను, ఇదే అసలు కథ.

నూట ముప్ఫై ఏళ్ళ కిందట ఆ కరకట్ట పోసింది ఆవిడ తాత వాళ్ళు. చైనా నుంచి వచ్చిన కూలీలు. ఒక ఏడు వరదొచ్చి కట్ట తెగింది. పదిహేడు మంది ఒక సరుకుల పడవ ఎక్కి, దాన్ని ఒక ఓక్ చెట్టు తలకి కట్టేసుకుని మూడు రోజులు నీళ్ళ మీద ఉన్నారు. ఒక్కడూ పోలేదు. నీళ్ళు తీశాక చూస్తే పడవ పొట్ట పగిలిపోయింది, ఇక పనికిరాదు. పొయ్యిలో పెట్టబుద్ధి కాలేదు వాళ్ళకి. ఆ చెక్కలతోనే ఈ గుడి కట్టారు. అడుగుచెక్క తెచ్చి ఇక్కడ గడపగా వేశారు. "పదిహేడు మందిని మోసిన చెక్క, తొక్కకూడదు, దాటాలి" అని ఆవిడ తాత చెప్పాడట. ఏటా వాళ్ళ కొత్త సంవత్సరానికి దానికి నూనె పడతారు. నూనె ఒక్కటే. రంగు వెయ్యరు. పడవ చెక్కకి కావాల్సింది నూనె కదా.

నేను వంగి చూశాను. ఆవిడ చెప్పిందని కాదు, నేను ఎవరి మాటా ఊరికే నమ్మను. ఆ చెక్కకి సన్నటి వంపు ఉంది. గడపకి వంపు ఎవడు పెడతాడమ్మా? వరసగా మేకుల కన్నాలు ఉన్నాయి, వాటిల్లో చిన్న చిన్న చెక్క బిరడాలు కొట్టి మూసేశారు. నీళ్ళు రాకుండా పడవ వాళ్ళు కొట్టే బిరడాలు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి అవి చూపించి పాఠం చెప్పాలా? పడవే. నూటికి నూరుపాళ్ళు పడవే.

ఎడమ కొస మాత్రం చెదలు తినేసింది. వేలు పెడితే లోపలికి పోయింది.

"నేను బాగు చేస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు. నోటి నుంచి వచ్చేసింది.

ఆవిడ వెంటనే సరే అంటారనుకున్నావా? లేదు. "ఆయన్ని అడగాలి" అని లోపల నుంచి రెండు చెక్క ముక్కలు తెచ్చారు. అర్ధచంద్రుల్లా ఉంటాయి, ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు. దణ్ణం పెట్టి కింద వెయ్యాలి. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే దేవుడు ఊఁ అన్నట్టు. రెండూ ఉబ్బు వైపు పైకి వస్తే వద్దన్నట్టు. రెండూ చదును వైపు పైకి వస్తే దేవుడు నవ్వుతున్నాడట! నా గురించి అడిగితే మొదటిసారి నవ్వాడు. రెండోసారి నవ్వాడు. మూడోసారి ఊఁ అన్నాడు. "నీ సంగతి తెలిసినట్టే ఉంది" అన్నారు మేలింగ్ గారు. ఏం తెలిసిందో!

తర్వాత మీ ఆఫీసు వాళ్ళ కాగితాలు, అనుమతులు, అవన్నీ చక్రపాణి చూశాడు. చదువుకున్నవాడు కదా. ఆ వేసవంతా శనివారాలూ, ఒక్కోసారి శుక్రవారాలూ ఇక్కడే. మధ్యాహ్నం ఆవిడ నాకు అన్నం, ఉడకబెట్టిన ఆకుకూర పెట్టేవారు. ఉప్పు తక్కువ. నేను ఆవకాయ తెచ్చాను. ఆవిడ అన్నంలో కాదు, చేపల సూప్‌లో వేసుకున్నారు! నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆవిడ మాత్రం రెండు గిన్నెలు తాగారు.

ఆ, ఆ. గడప దగ్గరికే వస్తున్నాను.

పద్నాలుగు అంగుళాలు కోసి తీసేశాను. బదులుగా ఏ చెక్క వెయ్యాలి? కొట్లో కొత్త రెడ్‌వుడ్ తెచ్చి వేస్తే ముసలాయన నోట్లో కొత్త పన్నులా ఉంటుంది. మేలింగ్ గారి పెరట్లో పాత కోళ్ళ గూడు కూల్చేస్తున్నారు ఆ నెల్లోనే. దాని చెక్క చూశాను. అదే జాతి, అదే వయసు, అదే ఎండ తిన్న చెక్క. ఒకటి తీసుకుని, రెట్ట అంతా గీకేసి, చిత్రిక పట్టి అతుకు వేశాను. నాలుగు రోజులు పట్టింది. చక్రపాణి గొడుగు పట్టుకుని వచ్చి, "ఆచారీ, కౌంటీ రూలు, ముక్క వేసిన చోట తెలిసేట్టు ఉండాలి, దాని మీద తేదీ వెయ్యాలి" అన్నాడు.

అతుకు కనపడాలట! కనపడేట్టు వెయ్యడానికి నేనెందుకు, ఎవడైనా వేస్తాడు. "అలాగేనండీ" అన్నాను. వెయ్యలేదు.

నవ్వుతున్నావేంటి? నవ్వు, నవ్వు. ఇంకాసేపు ఆగితే ఎక్కువ నవ్వుదువుగాని.

ఇప్పుడు బోర్డులో మూడో పేరా ఉంది చూడు, పసుపు గురించి. ఒకసారి చదువు. ఇంగ్లీషులోనే చదువు, ఫర్వాలేదు, నువ్వు చదువుతుంటే నీ మొహం చూస్తాను.

అదే! "ఈ గడపకు పూర్వీకులు పవిత్రమైన పసుపు వర్ణం పూసేవారు, అమెరికాలో మరే చైనా గుడిలోనూ ఇలాంటి ఆచారం దొరకలేదు, మూడు ఎర్ర చుక్కలు ఆకాశానికీ, భూమికీ, మనిషికీ గుర్తు." అంతేనా? దాని కింద ఇంకొకటి ఉంది. "ఇది పడవ చెక్క అన్నది స్థానికులు చెప్పుకునే కథ. పసుపు ఆచారం నేటి సంరక్షకుల జ్ఞాపకంలో మిగల్లేదు."

ఆ ఆఖరి ముక్క ఉందే, అదీ నన్ను ఇక్కడికి రప్పించింది. ఉమ అది చదవగానే ఫోన్ ఆపెయ్యమన్నాను. "నాన్నా, కాఫీ చల్లారిపోతోంది" అంటోంది. చల్లారనీ అన్నాను.

నువ్వు అప్పటికి ఈ ఉద్యోగంలో చేరలేదు కాబట్టి చెప్తున్నాను. పోయిన ఏప్రిల్‌లో మీ ఆఫీసు వాళ్ళు బోర్డు కోసం పిలిపించిన ప్రొఫెసరు గారు వచ్చారు. మంచి మనిషే, మాట నెమ్మది. ఇక్కడే నేల మీద బోర్లా పడుకుని, భూతద్దం పెట్టి, టార్చి వేసి చూశారు. నూనె కింద చెక్క నరాల్లో పసుపు కనపడిందట. బియ్యపు గింజంత పలుకు తీసుకెళ్ళారు. రెండు నెలల తర్వాత ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగ్ పెట్టి చెప్పారు, అది మామూలు రంగు కాదు, పసుపు కొమ్ముల పసుపు అని. ఆ రోజుల్లో చైనా మందుల కొట్లలో పసుపు అమ్మేవారట. కాబట్టి ఇది వాళ్ళ పూజే అయ్యుంటుందని.

అయినా ఆ ప్రొఫెసరు గారు తెలివైనవారు. ముందు మా వైపు తిరిగి అడిగారు, "మరమ్మతులో మీరెవరైనా వాడారా?" అని. మేం తొమ్మిది మందిమి కూర్చున్నాం. నేను నోరు తెరిచే లోపల చక్రపాణి లేచాడు. "ఇంపాజిబుల్. నేను దగ్గరుండి పర్యవేక్షించాను. బయటి పదార్థం ఒక్క చుక్క వాడలేదు, సంతకం పెట్టాను కూడా" అన్నాడు. అక్కడితో ఆగాడా? భారతదేశానికీ చైనాకీ రెండు వేల ఏళ్ళ సంబంధం గురించి పావుగంట మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. ప్రొఫెసరు గారు వాడి మాటలు రాసుకున్నారు!

అప్పుడు మేలింగ్ గారు లేచారు. "ఆ గడపకి ఎప్పుడూ పసుపు లేదు. మా తాత పెట్టలేదు, మా నాన్న పెట్టలేదు, నేను పెట్టలేదు. అది పడవ" అన్నారు. ప్రొఫెసరు గారు చాలా మర్యాదగా, "కొన్ని ఆచారాలు మన జ్ఞాపకం కంటే పాతవి, మేడమ్" అన్నారు. కొందరు అయ్యో పాపం అన్నట్టు తలలు ఊపారు.

ఆవిడ హాలంతా ఒకసారి చూశారు. "నాకు తెలీకుండా నా గడప ఎవరు ముట్టుకుంటారు?" అన్నారు. ఒక్కొక్కళ్ళ మొహం చూసుకుంటూ వచ్చారు. నా మొహం కూడా చూశారు. ఆగలేదమ్మా. నా మీద చూపు ఆగనే లేదు. దాటి పక్కవాడి మీదికి వెళ్ళిపోయింది. నన్ను అనుమానించలేదు ఆవిడ.

మర్నాడు పొద్దున గుడి తాళంచెవి మీ ఆఫీసు వాళ్ళకి పంపించేశారు. అరవై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే ఈ తలుపు తీసిన మనిషి. "నాకు గుర్తుండటం లేదట, ఇంక గుర్తున్నవాళ్ళు తీసుకోండి" అన్నారట. ఆ తెర ఆ రోజు దించింది. ఇప్పటిదాకా ఎత్తలేదు.

ఆ తాళంచెవి ఇప్పుడు నీ బ్యాగులో ఉంది కదా? కనపడుతోందిలే, ఎర్ర దారం.

ఏంటి అలా చూస్తున్నావు? అర్థమైపోయిందా? బాగా చురుకైనదానివే. ఆ ప్రొఫెసరు గారికి రెండు నెలలు పట్టినా అర్థం కాలేదు.

ఔను తల్లీ. పసుపు నాదే.

ఏం చెయ్యమంటావు? గడప మీద చెయ్యి వేశాను, అతుకు కుదిరింది, పెట్టింది పెట్టినట్టు కూర్చుంది. ఇక ఉలి సంచిలో పెట్టాలి. గడప నిలబెట్టి పసుపు రాయకుండా ఉలి సంచిలో పెట్టకూడదు మా ఇంట్లో. మా నాన్న పెట్టలేదు, నేను ఎప్పుడూ పెట్టలేదు, ఏభై ఏళ్ళలో ఒక్కసారి కూడా. బోడి గడప ఎదురుగా కనపడుతుంటే చేతులు ఊరుకోవు. శుక్రవారం పైగా. మేలింగ్ గారు సూప్ కాయడానికి ఇంటికి వెళ్ళారు. ఉమ కారులో దసరా నాటి పసుపు పొట్లం, కుంకుమ పొట్లం ఉన్నాయి. ఈ కొస నుంచి ఆ కొస దాకా చక్కగా రాశాను. ఐదు బొట్లు పెట్టాను. దణ్ణం పెట్టుకున్నాను. ఎంత కళగా ఉందో! ఆ ఎర్ర మొహం ఆయన కూడా ఈసారి కాస్త చల్లగా చూసినట్టు అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది చక్రపాణి కాగితం. బయటి పదార్థం వాడకూడదని. గబగబా నీళ్ళు పెట్టి కడిగేశాను. పైన పోయింది. కానీ నూట ముప్ఫై ఏళ్ళ ముసలి చెక్క, ఏటా ఎంత నూనె పట్టినా దాహం తీరదు, లోపలికి తాగేసింది. ఏం చెయ్యాలో తోచక ఆవిడ నూనె డబ్బా తీసి పైన నూనె పట్టేశాను. ఐదు బొట్లలో రెండు కడుగుడుకి పోయాయి, మూడు కంటికి ఆనీ ఆననట్టు మిగిలాయి. ఆకాశం, భూమి, మనిషి అట! నాకు గుడ్డ సరిగ్గా పిండటం రాక మిగిలాయి తల్లీ అవి!

సాయంత్రం ఆవిడ వచ్చి చూసి, "చెక్క మెరుస్తోంది, ఏం చేశావు?" అన్నారు. "నూనె" అన్నాను. అబద్ధం కాదు.

నిజమూ కాదనుకో.

మీటింగులో ఎందుకు చెప్పలేదంటావా? అదే కదా. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. నోటిదాకా వచ్చింది. చక్రపాణి "ఇంపాజిబుల్" అన్నాడు చూడు, అప్పుడు ఆగిపోయాను. భయంతో కాదు. సంతోషంతో! అనుకున్నాను కదా, ఇప్పుడే చెప్తే వీడు ఈ హాల్లో ముప్ఫై మంది ముందే పల్చన అవుతాడు. ఆగితే వీడి మాట బోర్డు ఎక్కుతుంది, పేపర్లో వస్తుంది, అప్పుడు చెప్తే సన్నీవేల్ నుంచి ఈ దేశంలో మనవాళ్ళున్న కాపెల్ దాకా, నోవై దాకా నవ్వుతారు. మైకు పట్టుకుని నన్ను హ్యాండీమ్యాన్ అన్న నోరు అది. అది ఇంకాస్త పెద్దగా తెరవనీ అని చూస్తూ కూర్చున్నాను. చేతులు కట్టుకుని. హాయిగా.

అంతలో ఆవిడ లేచారు. ఆవిడ లేస్తారని నేను అనుకోలేదమ్మా. చక్రపాణి ఎలా బొక్కబోర్లా పడతాడా అని అటే చూస్తున్నాను, ఇటు ఆవిడ ఉందన్న సంగతే మర్చిపోయాను. తర్వాత చెబ్దామంటే, ఆవిడ చూపు నన్ను దాటి వెళ్ళిపోయాక, ఏ మొహం పెట్టుకుని చెప్పను?

పోయిన వారం మీ ఆఫీసు వాళ్ళు తలుపు తీసినప్పుడు లోపలికి వెళ్ళి ఆ రెండు చెక్కలూ నేనే వేశాను. "చెప్పనా?" అని అడిగాను. నవ్వాడు. మళ్ళీ వేశాను. నవ్వాడు. ఐదు సార్లు నవ్వాడు! పెద్ద కత్తి పక్కన పెట్టుకుని ఇంత నవ్వే దేవుణ్ణి నేనెక్కడా చూడలేదు. ఇక లాభం లేదని నీకు ఫోన్ చేశాను.

రుజువు కావాలా? ఆ మాట అడుగుతావని తెలుసు. ఆఫీసు మనిషివి. ఇలా రా, వంగు. చెప్పు అక్కడ పెట్టకు, దాటు, దాటు. ఆఁ. ఈ ఎడమ వైపు గోరు పెట్టి రాసుకుంటూ రా. అతుకు తగిలిందా? లేదా? మళ్ళీ చూడు.

హ్హ! తగలదు. ప్రొఫెసరు గారు భూతద్దం పెట్టినా దొరకలేదు. దొరికి ఉంటే ఆ రోజే పట్టుబడేవాణ్ణి. నా పనితనమే నన్ను దాచింది, ఏం చెప్పను.

ఇప్పుడు నేను ఈ పెన్సిలుతో గీత గీస్తున్నాను. చూస్తున్నావా? ఫోటో తియ్యి. నా అతుకు నేనే ఎవరికైనా చూపించడం ఇదే మొదటిసారి. ఈ గీతకి ఇవతల పద్నాలుగు అంగుళాలు కోళ్ళ గూడు చెక్క. రెండేళ్ళ కిందటిదాకా దాని మీద కోళ్ళు పడుకున్నాయి. కావాలంటే ఆవిణ్ణి అడుగు, ఈ ఊళ్ళో ఎవర్నైనా అడుగు. ఇప్పుడు నీ ఫోన్ దీపం అడ్డంగా పెట్టు. గీకు. ఇంకొంచెం. వెంట్రుకంత పసుపు కనపడుతోందా?

మరి కోళ్ళ గూడుకి కూడా పూర్వీకులు పసుపు రాసి ఆకాశం భూమి అన్నారా? అడుగు మీ ప్రొఫెసరు గార్ని!

నవ్వు తల్లీ, ఇప్పుడు నవ్వు. నాకూ నవ్వొస్తోంది. ఈ ముక్క మీద తేదీ వేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఆ ఒక్క విషయంలో చక్రపాణి చెప్పిందే రైటు. ఇది మాత్రం రాయకు. రికార్డింగ్‌లో ఉన్నా తీసెయ్యి.

అబ్బా... సరే, ఉండనీ. ఉండనీలే. వాడికి మాత్రం వినిపించకు.

ఏంటీ, బోర్డు అచ్చయిపోయిందా? మళ్ళీ చెయ్యాలంటే ఏడాదా? ఎవరి సంతకమో కావాలా? మంచిది, మీ ఏడాది మీరు తీసుకోండి. ఆవిడకి ఎనభై ఆరు. ఆ రేకు బోర్డు రేపు నిలబెట్టకు, అంతే. కోళ్ళ గూడు చెక్క ఇంకొకటి ఉంది నా దగ్గర, మంచి బారైనది, దాచాను. నువ్వు కాగితం మీద రాసివ్వు, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో. దాన్ని చెక్క మీద అంటించి ఉలితో చెక్కేస్తాను. చదవలేను కానీ చెక్కగలను. రథం మీద లతలు చెక్కినవాడికి మీ ఇరవై ఆరు అక్షరాలు ఒక లెక్కా?

రాసుకో. "ఈ గడప పడవ చెక్క. వరదలో పదిహేడు మందిని మోసింది. మేలింగ్ గారు చెప్పిందే నిజం. దీనికి ఎప్పుడూ పసుపు లేదు. ఉన్న పసుపు నాగలింగాచారిది." ఆఁ, నా పేరు పూర్తిగా వెయ్యి. ఇతరులు కాదు. నా పేరు బోర్డు మీద లేదని కదా పొద్దుణ్ణించీ గోల పెట్టాను? రానీ. ఇలాగైనా రానీ.

అది పట్టుకుని ముందు ఆ పచ్చ తలుపు దగ్గరికి వెళ్ళు. తాళంచెవి కూడా తీసుకెళ్ళు. ఆవిడకి చదివి వినిపించు. నేనా? వస్తాను, నీ వెనకాలే వస్తాను. ఆవిడ చీపురు తీస్తే నువ్వు పక్కకి తప్పుకో, నా వంతు నేను తింటాను.

రాశావా? ఏదీ, ఇలా చూపించు... ఏం చూపిస్తావులే, నాకేం తెలుస్తుంది. నువ్వు ఏది రాసిస్తే అదే చెక్కుతాను, తప్పు రాస్తే తప్పే చెక్కుతాను, నూట ముప్ఫై ఏళ్ళు అలాగే ఉండిపోతుంది. అందుకని ఒకటికి రెండుసార్లు చూసుకో హాసినీ. ఆవిడ మాట ఆవిడకి సరిగ్గా రాసివ్వు.